అట్లకాడ చేతబట్టిన దసరా

మందు మానిపించే కేంద్రం నుంచి ఇంటికి వచ్చాక నాకు ఎదురైన మొదటి పెద్ద పండగ దసరా. మాది పులివెందుల. విత్తనాలు, పురుగుమందులు అమ్మే అంగడి ఉంది. అత్తగారి ఊరు జమ్మలమడుగు. పెళ్లయినప్పటి నుంచి దసరాకు అక్కడికే పోతాం. నిజం చెప్పాలంటే నేను పోయేది పూజకు కాదు, పూజ మరుసటి రోజు కోసం. ఆ రోజు ఇంటి మగవాళ్లంతా వండిన కూరలు క్యారియర్లలో కట్టించుకుని మైలవరం డ్యాం పక్కకు పోయి, చీకటి పడేదాకా తాగి, తిని వస్తారు. ఆ జట్టుకు ఇన్నేళ్లూ నేనే నాయకుణ్ణి.

కేంద్రంలో కౌన్సిలర్‌గా ఉన్నామె నన్ను పంపేటప్పుడు రెండే మాటలు చెప్పింది. పండగపూట చేతులు ఖాళీగా పెట్టుకోవద్దు. తాగాలనిపిస్తే లోపల అణచుకోవద్దు, ఎవరో ఒకరికి పైకి చెప్పెయ్యండి. వినేటప్పుడు రెండూ తేలికగానే అనిపించాయి.

అత్తగారింట్లో దిగగానే నాకంటే ముందు ఇల్లే జాగ్రత్త పడిందని అర్థమైంది. అలమారలో దగ్గుమందు సీసా లేదు. దెబ్బలకు పూసే స్పిరిట్ లేదు. మా అత్త హారతి ఇచ్చే వంకతో నా మొహం దగ్గరికి వచ్చి గట్టిగా ఊపిరి పీల్చింది. తృప్తిగా తల ఆడించి, "బాగుండావు నాయనా" అంది. నాకు నవ్వూ వచ్చింది, కొంచెం సిగ్గూ వేసింది.

పండగ ప్రశాంతంగా గడిచింది. మరుసటి రోజు పొద్దున ప్రొద్దుటూరు నుంచి మా తోడల్లుడు కారులో దిగాడు. ఆయనకు అక్కడ బట్టలంగడి. డిక్కీ తెరిస్తే పైన చీరల కట్టలు, కింద గలగల చప్పుడు.

"ఏందప్పా, మానేసినావంట?" అన్నాడు, నాకు ఏదో జబ్బు చేసినట్టు మొహం పెట్టి.

"అవునన్నా."

"మంచిదే. డ్యాం కాడికైతే రా. కూల్‌డ్రింకు తాగుదువులే. నువ్వు లేకపోతే ఆడ కబుర్లు ఎవరు చెప్తారు?"

పోకూడదని నాకు తెలుసు. పోనంటే గంట సేపు బతిమాలుతాడనీ తెలుసు. సరిగ్గా అప్పుడే మైలవరం నుంచి తెప్పించిన చేపలు వచ్చాయి. నాకేం తట్టిందో, "ఈసారి చేపలు నేను వేయిస్తా. పెనం మీద నుంచి వేడివేడిగా తినాల, క్యారియర్‌లో పెడితే మెత్తబడతాయి" అనేశాను. జన్మలో నేను పాలు కూడా కాచిన వాణ్ణి కాను. మా ఆవిడ నోరు తెరిచి చూసింది.

పెరట్లో గ్యాస్ పొయ్యి పెట్టి నా చేతికి అట్లకాడ ఇచ్చారు. మా అత్త కుర్చీ తెచ్చుకుని నా పక్కనే కూర్చుంది. చేపల మీద నమ్మకం లేకనో, నా మీద లేకనో తెలియదు. మొదటి వాయి ముక్కలు వచ్చేసరికి మగవాళ్లంతా డ్యాం మాట మరిచి పెరట్లో చేరారు. తర్వాత వాళ్లకు తాగుడు గుర్తొచ్చింది గానీ, వేడి ముక్కలు వదిలి కదలలేరు, అత్త ముందు సీసా తీసే ధైర్యమూ ఎవరికీ లేదు.

తోడల్లుడు నా చెవి దగ్గరికి వచ్చి, "నువ్వు మానితే మానినావు. మమ్మల్నందర్నీ మానిపిస్తాండావు కదప్పా!" అని పళ్లు నూరాడు. నేను ఇంకో ముక్క ఆయన పళ్లెంలో వేశాను.

మధ్యాహ్నం దాటాక అత్త అన్నం వార్చడానికి లోపలికి వెళ్లింది. ఆ సందులో తోడల్లుడు కారు దగ్గరికి పోయి, ఒక స్టీలు గ్లాసుతో తిరిగొచ్చాడు. ఎవరైనా అడిగితే మజ్జిగ అని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాడు. ఒక గుక్క తాగాడో లేదో ఫోను మోగింది. గ్లాసు నా పక్కనే పిట్టగోడ మీద పెట్టి, మాట్లాడుకుంటూ వీధిలోకి వెళ్లిపోయాడు.

చేపల వాసన, నూనె పొగ, వీటన్నిటినీ దాటుకుని ఆ వాసన ఒక్కటే నా ముక్కుకు తగిలింది. నోట్లో నీళ్లూరాయి. చెయ్యి చాపితే అందేంత దూరం. ఒక గుక్క ఎవరికి తెలుస్తుంది అనిపించింది.

పొగ ఎక్కువయిందని చూడటానికి మా మామ వచ్చాడు. ఆయన పెద్ద సేద్యగాడు, మాట తక్కువ మనిషి. ఇన్నేళ్లలో నాతో "వచ్చినావా", "పోతాండావా" తప్ప పెద్దగా మాట్లాడింది లేదు. అయినా అక్కడ ఉన్నది ఆయనే.

"మామా, నాకు ఇప్పుడు తాగాలని శానా ఉంది" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. గ్లాసును చూశాడు. పెనాన్ని చూశాడు.

"చేప మాడుతాంది. ముందు దాన్ని తిప్పు" అన్నాడు.

తిప్పాను. ఆయన గ్లాసు తీసుకుని కరివేపాకు చెట్టు మొదట్లో కుమ్మరించి, పొయ్యి ఆర్పి, "పద" అన్నాడు.

"యాడికి మామా?"

"యాడికో ఒకాడికి. ఈడ మాత్రం వద్దు."

మోపెడ్ మీద నన్ను చేనికి తీసుకుపోయాడు. ముందురోజుల్లో వాన పడి నల్లరేగడి తడిసి ఉంది. బుడ్డశనగ ఎప్పుడు విత్తాలి, నేలలో తడి పదును ఎంత లోతున ఉండాలి, నా అంగట్లో అమ్మే విత్తనం ఎందుకు పనికిరాదు, అన్నీ చెప్పుకుంటూ ముందు నడిచాడు. వెనక నేను. అడుగడుక్కీ బంక మట్టి చెప్పులకు అంటుకుని, ఒక్కో చెప్పు ఒక్కో సంగటి ముద్ద అంత అయింది. కాళ్లు ఎత్తడమే గగనమైంది. కొంతసేపటికి ఆయన ఆగి తిరిగి చూశాడు.

"ఇంకా ఉందా?"

"ఏంది మామా?"

"అదేప్పా... తాగాలని."

"ఉంది. శానా తగ్గింది."

"అయితే ఆ మూల గెనెం దాకా పోదాం పా."

పోయాం. ఆ గెనెం గట్టు మీద కూర్చుని పుల్లతో చెప్పుల మట్టి గీక్కుంటుంటే, ఆయన ఎటో చూస్తూ అన్నాడు. "ఇట్లాంటప్పుడు ఏం మాట్లాడల్నో నాకు తెలీదప్పా. భూమి సంగతైతే తెలుసు. అందుకే ఆ సోది చెప్తి."

"ఇంకొంచెం చెప్పు మామా" అన్నాను. చెప్పాడు. బోరు ఎట్లా ఎండిందో అక్కడ మొదలుపెట్టి, మళ్లీ నీళ్లు ఎట్లా పడ్డాయో అక్కడిదాకా.

ఇంటికి వచ్చేసరికి చేపలన్నీ అయిపోయాయి. మా అత్త ఎదురొచ్చి ఈసారి నన్ను వదిలేసి, మామ మొహం దగ్గర ఊపిరి పీల్చింది. తోడల్లుడు అప్పటికీ పెరడంతా వెతుకుతూ, "నా మజ్జిగ గలాసు యాడ పెడ్తి?" అని అరిచాడు.

"మజ్జిగా? ఈ పొద్దు నేను మజ్జిగే చెయ్యల్యా!" అంది అత్త.

ఆ నవ్వుల్లో ఆయన కూడా కలవక తప్పలేదు. పాపం, మంచివాడే. పోయేటప్పుడు నన్ను పక్కకు పిలిచి, "గలాసు నీ పక్కన పెట్టింది తప్పే అప్పా, చూసుకోల్యా" అన్నాడు.

సాయంత్రం బండి మీద పులివెందులకు బయలుదేరాం. ముద్దనూరు దాటాక మా ఆవిడ నా భుజం మీద గట్టిగా ఒకటి వేసింది.

"మా నాయన చేన్లో నీతో అంతసేపు మాట్లాడినాడంట. నేను ఆయన కడుపున పుట్టిన దాన్ని, నాతో ఒక్క రోజన్నా అట్ల మాట్లాడినాడా?" అంది. అది కోపమో సంతోషమో ఇప్పటికీ నాకు తేలలేదు గానీ, నడుం చుట్టూ వేసిన చెయ్యి మాత్రం ఇల్లు చేరేదాకా తీయలేదు.