చెయ్యి వాలే సిగ్నళ్లు

ఈ మధ్య గుంతకల్లు హోటళ్లలో ఉగ్గాని మీద క్యారెట్ తురుము చల్లుతున్నారు. బొరుగులు చేసిన నేరమేమిటో నాకు తెలియదు. స్టేషన్ ఎదురు హోటలాయన్ను అడిగితే, "కాలం మారింది సార్, మనమూ మారల్ల" అన్నాడు.

ఆ మాట నేను మొదట విన్నది తొంభైల చివర్లో, రైల్వే శిక్షణ కేంద్రంలోని నమూనా గదిలో. అన్నది అక్కడికి కొత్తగా వచ్చిన ఇన్‌స్ట్రక్టర్. పడింది మా నాయన.

నాయన మీటర్ గేజ్ ఇంజన్ డ్రైవర్. ఒక ఏడాది కంటి పరీక్షలో ఎర్ర చుక్కలూ పచ్చ చుక్కలూ ఆయనకు ఒకేలా కనిపించాయి. ఇంజన్ నుంచి దించి నమూనా గది అప్పగించారు. వీధిలోనూ, తర్వాత ఈ ఇన్‌స్ట్రక్టర్‌తోనూ బీపీ అని చెప్పుకున్నాం. బీపీకి మర్యాద ఉంది. టమోటాలు కొనడానికి ఆయన్ను పంపడం అమ్మ ఎప్పుడో మానేసింది.

గదిలో పెద్ద బల్ల మీద బొమ్మ రైలు, స్టేషన్, గేటు, చెయ్యి సిగ్నళ్లు. చెయ్యి అడ్డంగా ఉంటే ఆగాలి, వాలితే పోవచ్చు. గోడకు పచ్చటి పొలాలు పెయింట్ చేయించారు. వానల్లేని ఆ ఏళ్లలో జిల్లాలో పచ్చగా ఉన్న పొలం బహుశా అదొక్కటే. నాయనకు అదీ బయటి ఎండు పొలంలాగే కనిపించేది.

లైన్లన్నీ బ్రాడ్ గేజ్ అవుతుంటే బల్ల మీదికీ వెడల్పు పట్టాలు, పెద్ద పెట్టెలు వచ్చాయి. వాటితోపాటు రంగు దీపాల సిగ్నళ్లు. కాలం మారింది, మనమూ మారల్ల అంటూ పాత సామాను పారేయమన్నాడు ఇన్‌స్ట్రక్టర్.

"చేతులుండేవి పారేయొద్దు సార్. ఇంగా శానా స్టేషన్లలో అవే ఉండాయి. కొత్త పట్టాలకు నేను సరిచేస్తా" అన్నాడు నాయన.

"నీకేం పిచ్చా అన్నా? సరే, చెయ్యి. సోమవారం ట్రైనింగు పిల్లోళ్లకు రాత్రి సిగ్నళ్లు చూపించల్ల. కుదర్లేదంటే దీపాలే పెడ్తాం."

దీపాలే అయితే నాయన చూపించలేడు. చూపించలేకపోతే మళ్లీ వైద్య పరీక్ష; ఆ తర్వాత ఏ పని ఇస్తారో, అసలు ఇస్తారో లేదో.

డిగ్రీ చదివి ఖాళీగా ఉండటంలో నాకప్పటికే మంచి అనుభవం వచ్చింది కాబట్టి సాయం వెళ్లాను. గేటు చేతులు వెడల్పు పట్టాల మధ్య కలుసుకోలేదు. గొడుగు పుల్లలు అతికించి పొడిగించాం. సిగ్నల్ స్తంభాలు కొత్త పెట్టెల వెనక దాక్కున్నాయి. కింద టేకు చెక్కలు పెట్టి లేపాం. ఎత్తు పెరిగాక లాగే తీగ చాల్లేదు. సైకిల్ బ్రేకు తీగ వేశాం.

మిగిలింది రాత్రి దీపం. చెయ్యి వెనక చిన్న బల్బు, దాని ముందు చేతితోపాటు కదిలే ఎర్ర అద్దం, పచ్చ అద్దం. పాత అద్దాలు పగిలిపోయాయి. బదులుగా రంగు కాగితాలు కత్తిరించి, రెండు కవర్లలో వేసి, మీద పేర్లు రాశాను. ఆదివారం వీధిలోకి నీళ్ల ట్యాంకర్ వస్తే నేను బిందెల దగ్గర నిలబడాల్సి వచ్చింది. అతికించడానికి నాయన ఒక్కడే వెళ్లాడు. మధ్యాహ్నమంతా దుమ్ముగాలి. జనం ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకున్నారు. సాయంత్రం నాయన ఇంటికొచ్చి, "గాలికి కాగితాలు ఎగిరినా ఏరి అతికిస్తి. అయిపాయ" అన్నాడు.

సిగ్నల్ కనబడగానే ఇంజన్లో డ్రైవరూ సహాయకుడూ పైకి అరిచి చెప్పుకోవాలి. శిక్షణలోనూ అంతే. నాయన ఎప్పుడూ పిల్లలను ముందు అరవనిచ్చి, తర్వాత తాను అరిచేవాడు. సోమవారం వెలుతురులో అంతా బాగా జరిగింది. గొడుగు పుల్లల గేటు పడింది. చెయ్యి వాలింది. రైలు ఎక్కడా రాసుకోకుండా పోయింది.

"పర్వాలేదన్నా, ముసిలి సామాను ఇంగా పంజేస్తాండాది" అన్నాడు ఇన్‌స్ట్రక్టర్. నాయన నవ్వాడు. నేను వెనక బెంచీలో కూర్చుని, ఈ మంచి కబురు అమ్మకు ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకుంటున్నాను.

పరదాలు వేశారు. గది చీకటైంది.

"ఈ తూరి ముందు నువ్వే చెప్పన్నా, పిల్లోళ్లు నేర్చుకుంటారు."

నాయన తీగ లాగాడు. చెయ్యి టక్కున వాలిన చప్పుడు అందరికీ వినిపించింది.

"పచ్చ! పోవచ్చు!" అని అరిచాడు.

చీకట్లో దీపం ఎర్రగా వెలుగుతోంది.

పిల్లల్లో ఎవరూ అందుకోలేదు. ఒకడు నవ్వబోయి ఆపుకున్నాడు. సరిగా వినబడలేదనుకున్నాడేమో, నాయన ఇంకా గట్టిగా, "పచ్చ!" అన్నాడు.

ఇన్‌స్ట్రక్టర్ పరదా తీయలేదు.

"అన్నా, నువ్వు ఇంజన్ మీద ఎన్నేండ్లు ఉండినావు?" అన్నాడు.