బావ కోసం ఎలుగు అడుగులు చూసొచ్చాను

పొద్దున్న ఏడున్నరకి నెల్లిమర్లలో పలాస పాసింజరెక్కాను. ముందురోజు మందస దగ్గర కొండ కింద ఊరి నుంచి మా అప్ప మొగుడు, అంటే మా బావ, ఫోన్ చేశాడు.

"కొండ మీద సెదపుట్ట ఎవరో తవ్వేసారట. కుర్రోళ్ల పనంతన్నారు. నాకేమో ఎలుగనిపిస్తన్నాది. నాకు కళ్లు ఆనవు. నువ్వొచ్చి సూసి సెప్పు."

"మీ ఊళ్లో కళ్లున్నోళ్లు లేరేటి బావా?"

"ఉన్నారు. నా మొకం సూసి అబద్దం సెప్తారు. నీకా బుద్ది లేదు."

బావ ఒకప్పుడు వేటగాడు. ఆఖరిసారి గురిపెట్టినప్పుడు ఎలుగు వీపు మీద పిల్ల కనపడింది. తుపాకీ దించేశాడు, మళ్లీ ఎత్తలేదు. కొన్నేళ్లకి ఆ కొండ మీద ఎలుగన్నదే లేకుండా పోయింది. ఆ పిల్ల బతికిందో లేదోనని ఇప్పటికీ అడుగుతాడు, మాకేదో తెలిసినట్టు.

నాకు చదువు యాభై దాటాక వచ్చింది. అందుకే రైలెక్కితే కిటికీ వదలను, ప్రతి స్టేషను బోర్డూ చదవాల్సిందే. పొందూరు, తిలారు, నౌపడ. నౌపడలో ఎక్కిన జీడిపప్పు బేరగత్తె ఎక్కడికని అడిగింది. చెప్పాను.

"ఎలుగుని సూసి అందరూ పారిపోతారు. నువ్వు టిక్కెట్టు కొనుక్కుని ఎల్తన్నావేటి అప్పా!"

పదిన్నరకి పలాస. స్టేషను బయట ఇడ్లీ తిని, మందస బస్సు, అక్కడి నుంచి ఆటో. అప్ప పనసకాయ కూర వండింది. మూడింటికి కొండెక్కాం. బావ నా భుజం పట్టుకుని, చప్పట్లు కొడుతూ, దగ్గుతూ నడిచాడు.

"దొంగలాగ ఎల్తే అది బెదిరి మీద పడతాది. సప్పుడు సేస్తే తప్పుకుంటాది." వెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోండి.

మొన్న రాత్రి వానకి పుట్ట చుట్టూ ఇంకా మెత్తగా ఉంది. వంగి చూశాను. "ఎలుగు కాదు బావా. ఎవడో వట్టికాళ్లతో తిరిగాడు. మనిషి పాదమే."

బావ ముఖం పాలిపోయింది. "కాలి ఏళ్లెలాగున్నాయి? మనకిలాగ వాలుగానా, ఒక్క వరసలోనా?" అన్నాడు.

"ఒక్క వరసలో."

"ముందర గీతలున్నాయా?"

"ఉన్నాయి. పొడుగ్గా."

"గోళ్లే మరదలు గుంటా అవి! ఇంకా సూడు."

"పక్కన చిన్నవి కూడా ఉన్నాయి. కానీ ఇదేటి బావా, చిన్నవి పుట్ట చుట్టూనే ఉన్నాయి. పెద్దవి వచ్చిన దారిలో లేవు, పోయిన దారిలో లేవు. గాల్లోంచి ఊడిపడ్డాదా?"

బావ చతికిలబడి, వేళ్లతో తడిమి ఆ చిన్న అడుగు పట్టుకున్నాడు. నవ్వుతున్నాడు, కళ్లెంట నీళ్లు.

"తల్లి వీపు మీదొచ్చింది. తల్లి సెదలు తింటంటే దిగింది. మళ్లీ ఎక్కి ఎల్లిపోయింది."

దిగేటప్పుడు బావ నా భుజం పట్టుకోలేదు. రాయి తగిలినా తిట్టలేదు.

అప్పింట్లో పడుకుని, మర్నాడు పొద్దున్నే పలాసలో తిరుగు పాసింజరెక్కాను. సంగతంతా విని ఎదురు సీటాయన అడిగాడు, "ఎలుగు కనబడ్డాదా?"

"కనబడితే నీ ఎదురుగా కూసుందునా? అడుగులు సూసాను."

ఆ చిన్న అడుగు నా అరచేతిలో సగం ఉంటుంది. చెయ్యి తెరిచి ఆయనకి చూపిస్తూ, తర్వాత నేనే చూసుకుంటూ కూర్చున్నాను. ఒక్క బోర్డూ చదవలేదు. నెల్లిమర్ల ఎప్పుడు దాటిందో తెలీదు, విజయనగరంలో దిగాను.