మా గుంట కాడ మాగన్న డ్యూటీ

ఈ మధ్య మా రొయ్యల గుంట మీదుగా పోయేవాళ్ళు నేను రోడ్డు మీద కనబడితే ముందు నవ్వి, ఆ తర్వాత "బాగుండావా" అని అడగతా ఉండారు. కొందరైతే నవ్వేసి ఊరకే పోతా ఉండారు. ఎందుకో మీరు ఇంకొకరి నోట వినే ముందు నేనే చెప్పేస్తా. టీ చల్లారిపోద్ది, తాగతా వినండి.

నాకు కోట బస్టాండు కాడ జిరాక్స్ షాపు ఉంది కదా. జిరాక్స్ షాపు పెట్టుకున్న మనిషికి ఊరుకునే గుణం ఉండదు. మిషన్ కింద పెట్టే ప్రతి కాగితం చదవాల్సిందే. ఎవురన్నా పాస్‌పోర్టు తెచ్చినారా, స్టాంపులన్నీ తిప్పి తిప్పి చూసి, "అబ్బయా, దుబాయ్‌లో కాకులుంటాయా?" అని అడగతా. పాపం వాళ్ళకి తెలీదు. దేశం పోయొచ్చి కాకుల సంగతి కూడా చూడకుండా ఏం చేసినారో నాకర్థం కాదు. నేను మాత్రం ఇటు చెన్నై, అటు విజయవాడ, ఈ రెండూ దాటింది లేదు. మా ఆయన్ని ఎక్కడికన్నా పోదామా అంటే, "రొయ్యలకి మేతెవురు ఏస్తారు?" అంటాడు.

అట్టాంటి టైములో ఫోన్లో ఒక గ్రూపు కనబడింది. నార్వేలో ఎవురో స్కూలు పిల్లోళ్ళు ఒక బొమ్మని దేశాల మీదికి తోలినారంట. బట్టతో కుట్టి దూది కూరిన బొమ్మ, పేరు మాగ్నస్. ఒక్కో దేశంలో ఒక్కో ఇంట్లో కొన్నాళ్ళు చుట్టంలాగా ఉంటాడు. ఆ ఇంటోళ్ళు ఊరంతా తిప్పి, ఫోటోలు తీసి గ్రూపులో పెట్టి, మళ్ళీ పార్సిల్ కట్టి తర్వాతి ఇంటికి పంపాల. పోర్చుగల్‌లో లైట్‌హౌస్ ఎక్కినాడు, టర్కీలో టీ తాగినాడు, కెన్యాలో జిరాఫీ పక్కన నిలబడినాడు. నాకు ఉండబట్టలేదు. నేను దేశాలు తిరగలేకపోతే పాయె, తిరిగినోడు నా ఇంటికి వస్తాడు కదా. నాకొచ్చిన ఇంగ్లీషులో "మా ఊరికి పంపండి, మా కాడ సముద్రం ఉంది, మంచి చేపలు ఉండాయి" అని రాసినా. సరేనన్నారు. మా తర్వాత వియత్నాంలో లాన్ అని ఒక టీచర్ దగ్గరికి పంపాల. ఆమె బళ్ళో సెలవులు ఇచ్చేలోగా చేరాలని మరీ మరీ రాసింది.

ఇంక చూస్కోండి నా హడావుడి. మన నెల్లూరు జిల్లాలో ఫ్లెక్సీ లేకుండా ఎవురికైనా స్వాగతం చెప్పినామా? నేనూ వేయించినా. "మాగ్నస్ గారికి స్వాగతం, సుస్వాగతం" అని. ఫ్లెక్సీ అబ్బాయి డిజైన్ చేసి తెచ్చి, "అక్కా, బొమ్మ ఫోటో క్లియర్‌గా లేదని మూలకి పెట్టినా. మీ ముఖం పెద్దది చేసినా" అన్నాడు. చూస్తే ఆరడుగుల ఫ్లెక్సీలో నాలుగడుగులు నా ముఖమే. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. కళ్ళయితే కోడిగుడ్లంత ఉండాయి.

"ఇవి నా కళ్ళు కావు కదయ్యా" అన్నా.

"ఫోటోలో మీరు కళ్ళు మూసుకోనుండారు అక్కా. అందుకని వేరే కళ్ళు పెట్టినా."

ఎవురి కళ్ళో ఇప్పటికీ చెప్పలేదు. నేనైతే వారం పాటు ఊళ్ళో కనబడినోళ్ళ కళ్ళన్నీ పట్టి పట్టి చూసినా. ఆ ఫ్లెక్సీని చుట్ట చుట్టి బీరువా మీద పడేసినా.

మాగ్నస్ వచ్చినాడు. పార్సిల్ విప్పితే ముందు వీపుకున్న చిన్న సంచి వాసన చూసినా. కాఫీ పొడి వాసన, అడుగున ఇంత ఇసుక. ఏ దేశం ఇసకో. బొమ్మ చూస్తే ఇంత లావు, బూడిద రంగు, గుడ్లు బయటికొచ్చిన కళ్ళు, చీపురు పుల్లల్లాంటి మీసాలు, ఆ మీసాల కింద నుంచి రెండు తెల్లటి కోరలు. ఇది ఏం జంతువో వీధిలో ఒక్కరూ చెప్పలేకపోయినారు. ఎదురింటామె అడవి పంది అనింది. పాలాయన తొండం ఊడిపోయిన ఏనుగన్నాడు. నేను నెట్‌లో వెతికి, ఇది వాల్రస్ అని మంచు సముద్రంలో ఉండే జంతువని అందరికీ క్లాసు పీకినా. "మంచులో ఉండేదానికి ఈ ఎండలెట్టా?" అని పాలాయన అడిగినాడు. అది మంచి ప్రశ్నే. ఫ్యాను కింద కూర్చోబెట్టినా.

కృష్ణపట్నం తీసకపోయి దూరం నుంచి ఓడలు చూపించినా. గుంట గట్టు మీద మా ఆయనతో ఫోటో తీసినా. మా ఆయన సిగ్గుపడి ముఖం తిప్పుకున్నాడు, మాగ్నస్ మాత్రం బాగా పడినాడు. గ్రూపులో లైకులే లైకులు. అక్కడితో ఆగాల్సింది. చేపల పులుసు తినకుండా నెల్లూరు నుంచి చుట్టాన్ని పంపితే పరువేం కావాల? పళ్ళెం ముందు కూర్చోబెట్టి ఫోన్ సరిచేసుకునే లోపల, ముందుకు తూలి పులుసులో బోర్లా పడినాడు. కోరలు, మూతి, బుగ్గలు అంతా ఎర్రగా అయిపోయినాయి. సబ్బు పెట్టి రుద్దినా. కోరలు తెల్లబడినాయి గానీ బుగ్గల ఎరుపు పోలేదు. మా ఆయన పాత వల తాడు, నల్లది, చేతికందితే దాంతో నడుముకి కట్టి, వాకిట్లో ఎండకి వేలాడదీసి షాపుకి పోయినా. మా ఆయన ఆ పొద్దే గుంట పని కూలాయనకి అప్పజెప్పి, మేత కంపెనీ వాళ్ళ మీటింగని మూడు రోజులకి భీమవరం పోయినాడు.

మధ్యాహ్నం వస్తే తాడూ లేదు, బొమ్మా లేదు.

కుక్కలు లాక్కపోయినాయేమో అని వీధి చివరిదాకా పోయినా. కోతులేమో అని మిద్దె మీద చూసినా. పదిమంది చేతులు మారి ఏ దెబ్బా తగలకుండా ఇంత దూరం వచ్చినోడు, నా చేతిలో పోయినాడు. ఆ సాయంత్రం మా అత్తమ్మ ఇంట్లోకొచ్చింది. ఆమె నెల రోజులుగా బుచ్చిరెడ్డిపాలెంలో మా ఆడబిడ్డ దగ్గర ఉండి ఆ పొద్దే దిగింది. బొమ్మ సంగతి ఆమెకి చెప్పలేదు, చెబితే "బుద్ధుందా, చంటిబిడ్డవా?" అంటాదని. కానీ ఆమె భలే సంతోషంగా ఉంది. "నా మాట విని మంచి పని చేసినావమ్మే. ఇప్పుడే గుంట కాడికి పోయొచ్చినా" అనింది.

పెళ్ళయి వచ్చినప్పటి నుంచి అత్తమ్మ నన్ను పొగడటం అదే మొదలు. ఏం మంచి పని చేసినానో అడిగితే ఆ పొగడ్త ఎక్కడ వెనక్కి తీసుకుంటాదో అని అడగలేదు. దుబాయ్ కాకుల సంగతి కూడా అడిగేదాన్ని, అదొక్కటే అడగలేదు.

గ్రూపులో అందరూ "మాగ్నస్ ఏం చేస్తున్నాడు?" అంటే "ఎండకి అలిసిపోయి పడుకున్నాడు" అని పెట్టినా. మర్నాడు కూడా పడుకున్నాడనే పెట్టినా. లాన్ టీచర్ ఒక ఫోటో పంపింది. పిల్లోళ్ళు మాగ్నస్‌కి చిన్న పరుపు, దిండు కుట్టి పెట్టినారు. దిండు మీద దారంతో మీసాలు కూడా కుట్టినారు. అది చూసి నాకు అన్నం దిగలేదు. ఎవురి పిల్లోళ్ళో, నన్ను నమ్ముకోని ఆడ ఎదురుచూస్తా ఉండారు.

మూడోరోజు మా పక్క గుంట రాఘవన్న ఆధార్ జిరాక్స్‌కి వచ్చినాడు. ఆయన తన గుంటకి దిష్టి తగలకుండా సినిమా హీరోయిన్ ఫ్లెక్సీ కట్టిన మనిషి. "అమ్మాయ్, మీ గుంట కాడ దిష్టిబొమ్మ భలే ఉండాది. ఏడ కొన్నారు? నా హీరోయిన్ని ఎవురూ చూడటం లేదు ఇప్పుడు" అన్నాడు.

"మేము దిష్టిబొమ్మ ఏడ కట్టినాం అన్నా?"

"అదే, కోరలు, మీసాలు, బుగ్గలకి కుంకం..."

మిషన్ ఆపకుండానే షట్టర్ వేసినా. రాఘవన్న ఆధార్ కార్డు లోపలే ఉండిపోయింది.

గుంట కాడ చూద్దును గదా, నీళ్ళు చిలికే ఏరేటర్ల పక్కన ఎత్తైన కర్రకి మాగ్నస్ వేలాడతా ఉండాడు. మెళ్ళో నిమ్మకాయలు, మిరపకాయల దండ. నుదుట బొట్టు. పక్కన ఒక పాత చెప్పు. ఏరేటర్ల నీళ్ళు తుంపర్లుగా పడతా ఉంటే, ఆ కోరలేసుకోని వచ్చేపోయేవాళ్ళని గుడ్లురిమి చూస్తా ఉండాడు. నిజం చెప్పొద్దూ, నాక్కూడా భయమేసింది. అప్పుడు గుర్తొచ్చింది. పోయిన పంట తెల్లమచ్చ తెగులుకి మొత్తం పోయిన కాడ నుంచి, "గుంటకి దిష్టిబొమ్మ తెప్పియ్యమ్మే" అని అత్తమ్మ ఫోన్లో ఒకటే పోరు. నేను జిరాక్సులు తీసుకుంటా "సరే, తెస్తాలే" అని అంటానే ఉన్నా. ఆమె ఊరి నుంచి దిగేసరికి వాకిట్లో నల్లతాడుతో, ఎర్ర బుగ్గలతో, కోరలతో వేలాడతా ఉంటే ఏమనుకుంటాది? కోడలు మాట నిలబెట్టుకుంది అనుకోని అదే ఆటోలో తెచ్చి కట్టేసింది.

నేను నిచ్చెన వేసే లోపల షెడ్డులోంచి అత్తమ్మ వచ్చింది. "చెయ్యి పెట్టబాక!"

కూర్చోబెట్టి మొత్తం చెప్పినా. నార్వే, పోర్చుగల్, టర్కీ, పులుసు, అన్నీ. ఆమె నోరు తిట్టటానికి తెరిచింది గానీ, మెల్లగా మూసుకోని బొమ్మ వంక చూసింది. "ఇంత దూరం ఒక్కడే తిరిగినాడా?" అని అడిగింది. "పేరేంది?"

"మాగ్నస్."

"మాగన్నా... పాపం, చుట్టంగా వచ్చినోడికి చెప్పు పక్కన కట్టినాను కదమ్మే" అని నొచ్చుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. సరే దించుదాం అన్నా. అప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది. "ఇప్పుడెట్టా పంపుతావు? మూడు రోజులు ఊరి దిష్టంతా మోసినాడు. దిష్టి మోసింది ఇంకొకరికి ఇస్తారా? ఆ వియత్నాం వాళ్ళు ఏం చేస్తారు?"

నా నోరు ఊరుకోదు కదా. "వాళ్ళ ఊళ్ళో కూడా రొయ్యల గుంటలేనంట అత్తమ్మా" అన్నా.

"అయితే అసలు పంపను. మనకి తగిలిన దెబ్బ వాళ్ళ గుంటకి తగలాల్నా? పాపం చుట్టుకోదూ?"

చూసినారా, కోపం కాదు, పిసినారితనం కాదు. ముక్కూ ముఖం తెలీని వాళ్ళ రొయ్యల కోసం ఆమె పట్టు. దాంతో ఎట్టా వాదిస్తారు? భీమవరం నుంచి దిగిన మా ఆయన్ని అడిగితే, గుంటలోకి చూసి, "రొయ్య మేత బాగా తింటా ఉంది. పట్టుబడి దాకా, రొయ్యలు పట్టి అమ్మేదాకా ఉండనీ" అన్నాడు. సెలవులు దగ్గర పడతా ఉండాయి. పరుపు, దిండు కళ్ళ ముందు ఆడతా ఉండాయి.

ఇంక దాచి లాభం లేదని, కర్ర మీద మాగ్నస్ ఫోటో తీసి గ్రూపులో పెట్టేసినా. "నిద్రపోవటం లేదు, ఉద్యోగం చేస్తున్నాడు. క్షమించండి" అని మొత్తం రాసినా. తిడతారని ఫోన్ బోర్లా పెట్టినా. తీసి చూస్తే ప్రశ్నల మీద ప్రశ్నలు. నిమ్మకాయ ఎందుకు, మిరపకాయలు ఎన్ని, చెప్పు ఎడమదా కుడిదా? నాకంటే ఆరాలు తీసేవాళ్ళు దేశానికొకరు ఉండారని అప్పుడే తెలిసింది. టర్కీ ఆమె వాళ్ళింట్లో దిష్టి తగలకుండా నీలం గాజు కన్ను వేలాడదీసిన ఫోటో పెట్టి, మాకూ ఇదే బాధ అనింది. లాన్ టీచర్ మాత్రం, "మా అమ్మమ్మ అడగమంటా ఉంది. బొమ్మకి పట్టిన చెడ్డ చూపు మీరు ఎట్టా తీస్తారు?" అని రాసింది.

చదివి వినిపిస్తే అత్తమ్మ ముఖం వెలిగిపోయింది. "వాళ్ళకీ దిష్టి ఉందా? అట్టయితే చెప్పు ఆ పెద్దామెకి, తీసే పంపుతానని."

అయితే ఒక షరతు. పట్టుబడి దాకా గుంట కర్ర ఒక్క గడియ కూడా ఖాళీగా ఉండకూడదు. ఆ ఏర్పాటు తను చూసుకుంటానని అత్తమ్మ మా ఆయన చెవిలో ఏందో చెప్పింది. ఆయన పక్కకి తిరిగి దగ్గినాడు. మాగ్నస్ వస్తే చాలు, ఏం కట్టుకుంటే నాకేంది అని ఈసారి కూడా నేను అడగలేదు.

ఉప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు గుప్పిట్లో పట్టుకోని, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అని మొదలుపెట్టి ఆగి, "ఇంకా ఏయే దేశాలమ్మే?" అనింది. నేను చెప్పతా ఉంటే, "నార్వే దిష్టి, పోర్చుగల్ దిష్టి, టర్కీ దిష్టి" అంటా తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటు రాలేదు. "చూసినావా, ఎంత దిష్టో" అని సముద్రానికి తీసకపోయి మూడు మునకలు వేయించి, మళ్ళీ దిష్టి తీసింది. ఈసారి నాకు కళ్ళంట నీళ్ళొచ్చి ఒకటే దగ్గు. ఘాటొస్తే దిష్టి పోయినట్టు. అట్టా నా దగ్గుతో మాగ్నస్‌కి వియత్నాం క్లియరెన్స్ వచ్చింది. నాకూ తియ్యమని అడిగితే, "నీకెందుకమ్మే, నిన్నెవురు చూస్తారు?" అనింది అత్తమ్మ.

ఎండబెట్టి, పార్సిల్ కట్టి పంపేసి, హమ్మయ్య అనుకోని గుంట కాడికి పోయినా. దూరం నుంచే కనబడింది. అదే కర్రకి, పైనుంచి కిందిదాకా, బీరువా మీద ఫ్లెక్సీ. నాలుగడుగుల నా ముఖం, కోడిగుడ్లంత ఎవురివో కళ్ళు. మెళ్ళో నిమ్మకాయల దండ. మూలన చిన్నగా "సుస్వాగతం".

"ఏందత్తమ్మా ఇది?" అంటే, "వానకి తడవదు, ఎండకి చిరగదు. ఎవురైనా ముందు నిన్నే చూడాల" అనింది. మా ఆయన గుంటలోకి చూసి, "మేత ఇంకా బాగా తింటా ఉండాయి" అన్నాడు.

ఇదండీ సంగతి. మాగ్నస్ సెలవులకి ముందే క్షేమంగా చేరినాడు. ఆ దిండు మీద తల పెట్టి పడుకున్న ఫోటో చూసి నేనూ అత్తమ్మా ఇద్దరం ఏడ్చినాం. మీ కర్ర మీద ఇప్పుడెవురు అని గ్రూపులో అడిగితే, సరేలే పోయిన పరువు ఎట్టాగూ పోయిందని ఫ్లెక్సీ ఫోటో కూడా పెట్టినా. నిన్న లాన్ టీచర్ మెసేజ్ పెట్టింది. వాళ్ళ అమ్మమ్మకి నేను తెగ నచ్చేసినానంట. పట్టుబడి అయినాక నన్ను వాళ్ళ గుంటకి పంపగలరా అని అడగతా ఉంది. ఇన్నాళ్ళకి నాకు ఫారిన్ పిలుపొచ్చింది. పాస్‌పోర్టు, వీసా ఏమీ అక్కర్లేదంట. చుట్ట చుట్టి పంపితే చాలంట.