దర్జీ కుబాలా తూటా పరిశోధన

అలోయిస్ కుబాలా దుకాణానికి ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వెళ్ళినవాడైనా సరే, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, కుడిచెయ్యెత్తి వీధిలోకి ఊపితే తప్ప బయటపడేవాడు కాదు. ఎదురుగా బస్సు కోసం నిలబడ్డ జనం ఎవరో తెలిసినవాళ్ళే కాబోలనుకుని తిరిగి చెయ్యి ఊపేవారు. డాలస్ నగరం మొత్తం మీద ఓక్ క్లిఫ్ పేటవాళ్ళంత కలుపుగోలు మనుషులు లేరని బస్సు డ్రైవర్లు చెప్పుకునేవారు.

ఇదంతా అమెరికా అధ్యక్షుడి హత్య సంగతి తేల్చడం కోసం. పైకప్పు లేని కారులో ఊరేగుతున్న అధ్యక్షుణ్ణి కాల్చేసి అప్పటికి పుష్కరం అయింది. అది జరిగింది నది అవతల, ఆ దుకాణానికి మూడు మైళ్ళ దూరంలో. తూటా ఎటునుంచి వచ్చిందన్న దాని మీద ఊళ్ళో మంగలికో సిద్ధాంతం, పాలవాడికో సిద్ధాంతం ఉండేవి. కారు వెనకున్న మేడమీంచే వచ్చిందని కుబాలాది దర్జీ సిద్ధాంతం.

"అందరూ తుపాకీ గురించి మాట్లాడేవాళ్ళే. కోటు సంగతి పట్టించుకున్నవాడు ఒక్కడున్నాడా?" అనేవాడు.

ఆర్విల్ స్టెగాల్ రిటైరైన పోస్ట్‌మన్. ప్రతి గురువారం పదింటికి వచ్చి, కుబాలా కాఫీ తాగి, కుబాలా సిద్ధాంతాన్ని చీల్చి చెండాడటమే ఆయనకు మిగిలిన ఉద్యోగం.

"అధ్యక్షుడి కోటుకి చిల్లు కాలరు కింద ఐదంగుళాల పైచిలుకు దూరంలో ఉంది. అవునా?"

"అవును."

"మేడమీంచి కిందికి వస్తున్న తూటా అంత కింద వీపులో దిగి, గొంతులోంచి ఎలా బయటికొస్తుందయ్యా? మధ్యలో మెట్లెక్కిందా? ముందునుంచి ఇంకోడెవడో కాల్చాడు. రోడ్డు పక్కనున్న కంచె వెనకనుంచి!"

"నువ్వు కోటుని బల్లమీద పరిచి కొలుస్తున్నావు. ఆయన తొడుక్కుని కూర్చున్నాడు, చెయ్యి ఊపుతున్నాడు. చెయ్యి లేస్తే కోటూ లేస్తుంది. ముప్పై ఏళ్ళుగా కోట్లు కుడుతున్నవాడికి చెబుతావా?"

అంటూ దొరికిన గిరాకీని కుర్చీలో కూలేసి, చెయ్యి ఊపించి, వీపున సుద్దతో గీత పెట్టేవాడు. ఆ గీత తుడుచుకోవడం ఎవరికీ గుర్తుండేది కాదు. ఒక ఆదివారం పాస్టరుగారు ప్రార్థన ముగించి, మగవాళ్ళంతా వీపుమీద గీతలతో వెళ్ళిపోతుంటే చూసి, ఊళ్ళోకి కొత్త మతమేదైనా వచ్చిందా అని ఆరా తీశారట.

గీతతో వదిలితే బాగానే ఉండేది. కొన్ని కోట్లను మాత్రం కుబాలా దబ్బనంతో పొడిచేసేవాడు.

డాయిల్ హచిన్స్ కోటు పోయిన రోజు ఆర్విల్ అక్కడే ఉన్నాడు. డాయిల్ ఫ్యాక్టరీలో ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. అతని కోటు మోచేతుల దగ్గర గుడ్డ పలచబడి, లోపలి చొక్కా రంగు కనిపిస్తోంది.

"ఇక్కడ రెండు కుట్లు వెయ్యండి చాలు. సోమవారం ఇంటర్వ్యూ ఉంది," అన్నాడు.

"కూర్చో. చెయ్యి ఊపు."

"ఎవరికి?"

"జనానికి. ఏడుపు మొహం వద్దు. నువ్వు అధ్యక్షుడివి."

"నాకు ఆర్నెల్లుగా ఉద్యోగం లేదండీ."

"అధ్యక్షులకీ పోతుంటాయి. ఊపు."

పాపం, ఊపాడు. బస్టాపులో ఒకావిడ సంచి కింద పెట్టి మరీ బదులు ఊపింది. ఈలోగా కుబాలా టేపు తీసి భుజాలు, ఛాతీ, చేతి పొడవు, నడుము చకచకా కొలిచేశాడు.

"తూటాకి నడుము కొలతెందుకయ్యా?" అన్నాడు ఆర్విల్.

"నీకు సైన్సు తెలీదు, నోర్ముయ్యి!"

అంటూనే దబ్బనం కసుక్కున దించాడు. డాయిల్ ఎగిరి లేచాడు.

"నా కోటు! నాకున్నది అదొక్కటే!"

"ఇంకమీదట ఇది కోటు కాదు, సాక్ష్యం. ఇంత చక్కటి చిల్లు ఇన్నేళ్ళలో చూడలేదు. చచ్చినా వదల్ను. పాడుచేసింది నేనే కనక బదులు నేనే ఇస్తాను. శనివారం రా."

శనివారం డాయిల్ కొత్త బూడిదరంగు ఉన్ని కోటు తొడుక్కుని, అద్దంలో చూసుకుంటూ, గుండీలు పెట్టుకుంటూ, ప్రతి గుండీకీ ఒక తిట్టు చొప్పున కుబాలాని తిట్టి మరీ వెళ్ళాడు. ఉద్యోగం వచ్చాక కూడా, ఆ దర్జీకి బుర్ర తిరిగిందనే అందరికీ చెప్పేవాడు.

ఆర్విల్ బాధ వేరు. పదకొండేళ్ళలో కుబాలా ఆయన కోటు ఒక్కసారీ అడగలేదు. రెండుసార్లు తనే తెచ్చి బల్లమీద పడేశాడు.

"నీది సాక్ష్యానికి పనికిరాదు," అన్నాడు కుబాలా.

"ఏం? నిక్షేపంలాంటి కోటు!"

"అందుకే."

ఆ అవమానం ఆర్విల్ గుండెలో ముల్లులా ఉండిపోయింది.

చివరికి సూదిలో దారం ఎక్కించడానికి కుబాలాకి కళ్ళు సహకరించక, ఎన్నిస్ ఊళ్ళో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతూ దుకాణం మూసేశాడు. సామాను ఎత్తడానికి ఆర్విల్ తన ట్రక్కు తెచ్చాడు. వెనకగదిలో సాక్ష్యాలన్నీ వరుసగా వేలాడుతున్నాయి. ఒక్కోదానికి పేరూ, తేదీ రాసిన చీటీ. కుబాలా లెక్కలు తప్పని నిరూపించడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదనుకుని, ఆర్విల్ టేపు తీశాడు.

మొదటి కోటుకి చిల్లు భుజం మీద ఉంది. రెండోదానికి చేతిమీద. మూడోదానికి జేబులో.

"ఏమయ్యోయ్! ఈ అధ్యక్షుణ్ణి జేబులో కాల్చారా?"

కుబాలా చెవులు ఎర్రబడ్డాయి. "తొందర్లో పొడిచాను."

ఆర్విల్ ఇంకో నాలుగు తిరగేశాడు. చిల్లుల సంగతి అలా ఉంచి, మోచేతులు చూశాడు. అన్నీ అరిగిపోయినవే. చీటీల మీద పేర్లు చదివాడు. ఇరవై ఏళ్ళు ఉత్తరాలు పంచినవాడికి ఏ ఇంట్లో ఎప్పుడు ఏ కష్టమొచ్చిందో తెలియకుండా ఉండదు. టేపు మెల్లగా చుట్టేశాడు.

"ఊరికే ఇస్తే తీసుకుంటారా వాళ్ళు?" అన్నాడు కుబాలా, గోడవైపు చూస్తూ. "నన్ను తిట్టుకుంటూ అయితే తొడుక్కుంటారు. ఆర్విల్, నువ్వెక్కడా నోరు జారకు."

"మరి నీ సిద్ధాంతం? అదీ ఉత్తదేనా?"

"సిద్ధాంతం నిజమే! తూటా వెనకనుంచే వచ్చింది. నీకే బుర్రలేదు."

కోట్లు ట్రక్కులోకి ఎక్కిస్తుంటే, చేతికర్రతో వెళ్తున్న ముసలాయన ఒకడు ఆగాడు.

"ఆ గళ్ళ కోటు నాదే! దర్జీ లాగేసుకున్నాడు. ఇంతకీ దానివల్ల ఏమైనా తేలిందా?"

ఇస్త్రీబల్ల ఒక కొస పట్టుకుని గుమ్మంలో ఉన్న కుబాలా ఉన్నచోటే నిలబడిపోయాడు. ఆర్విల్ పదకొండేళ్ళ గురువారాలూ కంచెవైపే వాదించినవాడు. గళ్ళ కోటుని ట్రక్కులో జాగ్రత్తగా పరిచాడు.

"తేలిందండీ. తూటా వెనకనుంచే వచ్చింది. మీ కోటే లేకపోతే ఎప్పటికీ తేలేది కాదు."

"మా ఆవిడకి చెప్పాలి!" అంటూ ముసలాయన కర్ర చంకలో పెట్టుకుని మరీ ఇంటిదారి పట్టాడు.

"ఏమన్నావ్? ఇంకోసారి అను," అన్నాడు కుబాలా.

"అనను," అన్నాడు ఆర్విల్. "ఆ బల్ల సరిగ్గా పట్టుకో, కాలిమీద పడుతుంది."