వెనక వరుస గవర్నరుగారు

గవర్నరుగారికి ఒకే ఒక్క జబ్బు. ముందు వరుసలో ఉండలేరు. అక్కడ కుర్చీ వేస్తే ముళ్ళ మీద కూర్చున్నట్టు కదులుతారు. మనం అటు తిరిగి ఇటు చూసేలోగా మాయమై, ఆఖరి వరుసలో గోడవారగా ప్రత్యక్షమవుతారు. రాష్ట్రానికి ప్రథమ పౌరుడాయన. ఏ సభకు వెళ్ళినా ఆ ప్రథమ పౌరుణ్ణి చిట్టచివర వెతుక్కోవాలి.

అలా వెతకడం ప్రోటోకాల్ ఆఫీసరు నెత్తిన పడింది. ఎవరి వెనక ఎవరు నడవాలి, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి అని చూడటమే అతని ఉద్యోగం. ఇదివరకటి గవర్నర్లంతా ముందు వరుస కోసం ప్రాణం పెట్టినవాళ్ళే. వాళ్ళను మర్యాదగా వెనక్కి లాగడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. ముందుకు నెట్టవలసిన గవర్నరు తగులుతాడని కలలో కూడా అనుకోలేదు పాపం.

ప్రమాణ స్వీకారం రోజునే ఆ సంగతి బయటపడింది. ప్రధాన న్యాయమూర్తి కాగితం పట్టుకుని వేదిక మీద నిలబడ్డారు. బ్యాండువాళ్ళు వాయించి వాయించి బుగ్గలు పట్టుకుని కూర్చున్నారు. గవర్నరు లేరు. ఆఫీసరు హాలంతా గాలించి, తలుపు దగ్గర కుర్చీలు సర్దుతున్న ఒక పెద్దమనిషిని పట్టుకున్నాడు.

"ఏమయ్యా, గవర్నరుగారు ఇటు వచ్చారా?"

"ఇప్పుడు చూళ్ళేదు నాయనా. పొద్దున అద్దంలో అయితే చూశాను" అన్నాడు ఆ పెద్దమనిషి, కుర్చీ దింపుతూ.

ఆఫీసరుకు కాళ్ళ కింద నేల కదిలింది. ఆ సాయంత్రమే గవర్నరుగారి భార్య దగ్గరకు వెళ్ళి మొరపెట్టుకున్నాడు. ఆవిడ నవ్వి, గోడమీది పెళ్ళి ఫోటో చూపించింది. ముందు వరుస మధ్యలో పెళ్ళికూతురు ఒక్కతే కూర్చుని ఉంది. పెళ్ళికొడుకు వెనక వరుసలో, పెదనాన్నల భుజాల మధ్యనుంచి తొంగి చూస్తున్నాడు.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి నాయనా. పుడకలతో గానీ పోదు" అందావిడ. "బళ్ళో పాఠం చెప్పినప్పుడూ అంతే. కుర్చీ తీసుకెళ్ళి ఆఖరి బెంచీ వెనక వేసుకునేవారు. మాస్టారు ఎవర్ని చూస్తున్నారో తెలియక క్లాసంతా బుద్ధిగా ఉండేది. ఒకసారి ఇన్‌స్పెక్టరు వచ్చి, ఖాళీగా ఉంది కదా అని బల్ల దగ్గర నిలబడ్డాడు. ఈయనకు అంత దూరం సరిగ్గా ఆనక, ఎవరో పెద్ద కుర్రాడనుకుని 'ఏమోయ్, ఊరికే నిలబడకపోతే ఆ లెక్క చెయ్యకూడదూ?' అన్నారు."

"చేశాడా అమ్మా?"

"చేశాడు. తప్పు చేశాడు. మళ్ళీ చేయించారు."

ఆఫీసరు నవ్వాపుకుని, "మరి బడి వదిలి యుద్ధానికి వెళ్ళారట కదా, అక్కడైనా ముందుండేవారా?" అని అడిగాడు.

"ఎక్కడ! సుద్దముక్క కింద పెట్టి తుపాకీ పట్టుకున్నారే గానీ, బుద్ధి మారితేనా? దళమంతా ముందు, ఈయన అందరికన్నా వెనక."

"అంటే..." ఆఫీసరు నసిగాడు. "భయమాండీ?"

ఆవిడ అతని వంక జాలిగా చూసింది. "వాళ్ళు కొండలు దిగి వెనక్కి వచ్చేస్తున్నారయ్యా. తరుముకొచ్చే శత్రువు ఎటువైపు ఉంటాడు?"

ఆఫీసరుకు అప్పుడు అర్థమైంది. దళంలో ఒక్కరూ తప్పిపోకుండా శిబిరం చేరారట. ఆఖరున చేరింది ఈయనట. పతకం ఇవ్వడానికి వచ్చిన జనరల్, ముందు వరుసంతా వెతికి వెతికి విసుగెత్తి, బస్సులో టిక్కెట్టు అందించినట్టు పతకాన్ని చేతులు మార్చి వెనక్కి పంపాడట. ఆ తర్వాత ఆయన మళ్ళీ బడికి వచ్చారు. హెడ్‌మాస్టరయ్యారు, యూనివర్సిటీకి పెద్ద అయ్యారు, చివరికి గవర్నరయ్యారు. ఇంత ఎత్తుకు వెనక నడుచుకుంటూ ఎక్కిన మనిషిని ఆఫీసరు మరొకణ్ణి చూడలేదు. ఆ రోజునుంచి అతనికి ఆయనంటే భక్తి. భక్తి ఉన్నంత మాత్రాన చిరాకు తగ్గదు కదా!

ఒకసారి మహా తెలివిగా ఊరేగింపును తలకిందులు చేశాడు. అందర్నీ వెనక్కి తిప్పి నిలబెడితే, ఆఖర్న ఉన్న గవర్నరుగారు తనంతట తానే ముందుంటారని అతని లెక్క. బ్యాండు మోగింది. అందరూ గిర్రున తిరిగారు. గవర్నరుగారు ఒక్క క్షణం చూసి, ఊరేగింపు పక్కనుంచి నింపాదిగా నడుచుకుంటూ అవతలి చివరకు వెళ్ళిపోయారు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ వెళ్ళారు. చూస్తున్న జనం ఇదేదో కొత్తరకం కవాతు అనుకుని చప్పట్లు కొట్టారు.

ఇదిలా ఉండగా ఆఫీసరుకు సొంత బాధ ఒకటి ఉంది. అతని మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. ఆ సంగతి భార్యకు తప్ప మరొకరికి తెలియదు. పొద్దున్నే తైలం రాస్తూ ఆవిడ రోజూ ఒకటే పోరు.

"ఆఫీసులో చెప్పేయండి."

"చెబితే ఇంకేముంది! నడవలేని ప్రోటోకాల్ ఆఫీసరు ఎందుకని పాత కుర్చీల గోడౌనుకు తోసేస్తారు."

"కుర్చీలుంటే కూర్చోవచ్చుగా?"

"కాళ్ళు విరిగిన కుర్చీలే!" అని అతను పళ్ళు బిగించి లేచి నిలబడేవాడు.

శాసనసభ ప్రారంభం దగ్గరపడింది. ప్రధాన కార్యదర్శి పిలిచి గట్టిగా చెప్పాడు. "ఈసారి గవర్నరుగారు ముందు నడవాలి. నడవకపోతే రేపట్నుంచి నువ్వు గోడౌనులో ఉంటావు." అతని నోటినుంచి అదే గోడౌను పేరు రావడంతో ఆఫీసరు తిన్నగా గవర్నరుగారి గదికి వెళ్ళి చేతులు జోడించాడు.

"సార్, ఈ ఒక్కరోజు ముందు నడవండి. నా ఉద్యోగం పోయేలా ఉంది."

"నేను ముందుంటే వెనక ఎవరు చూస్తారయ్యా?"

"నేను చూసుకుంటాను సార్."

"నిన్నెవరు చూస్తారు?"

ఇదీ ఆయన హాస్యమే అనుకుని ఆఫీసరు నవ్వాడు. గవర్నరుగారు నవ్వలేదు. "సరే, నడుస్తాలే" అన్నారు.

అన్నట్టే నడిచారు. శాసనసభ మెట్లు చాంతాడంత పొడవు. గవర్నరుగారు ముందు, ఒక అడుగు వెనక ఆఫీసరు, ఆ వెనక ప్రధాన కార్యదర్శి, తతిమ్మా పెద్దలు. ఆఫీసరు ఆనందం కొద్దిసేపే నిలిచింది. సగం మెట్లెక్కేసరికి మోకాళ్ళు మొరాయించాయి. ప్రధాన కార్యదర్శి దాటిపోయాడు. మంత్రులు దాటిపోయారు. బ్యాండువాళ్ళు డోలుతో సహా దాటిపోయారు. మెట్ల మధ్య ఇనుప కమ్మీ పట్టుకుని అతనొక్కడే మిగిలిపోయాడు. ఒక మెట్టు పైకి వెళ్ళలేడు, కిందికి దిగలేడు. ఇన్నేళ్ళు దాచిన గుట్టు ఊరందరి ముందూ బట్టబయలవుతోంది. కళ్ళు చెమ్మగిల్లాయి.

పైన గవర్నరుగారు ఆగారు. గిరుక్కున తిరిగి, మంత్రుల్నీ డోలునూ దాటుకుంటూ గబగబా దిగి వచ్చి, అతని పక్క మెట్టు మీద చతికిలబడ్డారు.

"ఉండండి! నా బూటు లేసు ఊడింది" అని కేకేసి, వంగి కట్టుకోవడం మొదలుపెట్టారు.

ఊరేగింపంతా ఆగిపోయింది. కడుతున్నారు, కడుతున్నారు, ఎంతకీ కట్టడం పూర్తి కాదు. ఆఫీసరు కూడా పక్కన కూర్చుని ఊపిరి తీసుకున్నాడు. అప్పుడు చూశాడు. ఆయన బూట్లకు అసలు లేసులే లేవు.

"సార్... మీకు ముందే తెలుసా?"

"నువ్వు నన్ను వెతుక్కుంటూ వచ్చిన మొదటి రోజే తెలుసు. వెళ్ళేటప్పుడు వెనకనుంచి చూశాగా. ముందు నిలబడితే మొహాలే కనబడతాయి నాయనా. మొహం అబద్ధం ఆడుతుంది, మోకాలు ఆడదు."

"మరి ఒక్క మాటా అనలేదేం సార్?"

"నువ్వు దాచుకున్నదాన్ని నేనెలా బయటపెట్టను? నా పాత అలవాటు ఎలాగూ ఉంది, అందుకే ఇంకాస్త వెనకుండిపోయేవాణ్ణి. నన్ను తీసుకెళ్ళే వంకతో నువ్వూ నెమ్మదిగా నడిచేవాడివి."

ఈలోగా ప్రధాన కార్యదర్శి రొప్పుతూ దిగి వచ్చాడు. "సార్, తమరు ముందుండాలి!"

"ముందే ఉన్నానుగా. చూడు, అందరూ ఇటే తిరిగి ఉన్నారు" అన్నారు గవర్నరుగారు. "రేపట్నుంచి మాత్రం అందరికన్నా ముందు ఇతను నడుస్తాడు. ఇతన్ని ఎవరూ దాటకూడదు. కాలు నొచ్చినవాణ్ణి ముందు పెట్టాలయ్యా. ముందున్నవాడు ఎంత నెమ్మదిగా నడిచినా వెనకబడడు. నా దళం కొండలు దిగింది అలాగే."

అప్పటినుంచీ ఆ రాష్ట్రంలో ఊరేగింపులు కొత్త కోడలు అడుగులేసినట్టు సాగుతాయి. ముందు ప్రోటోకాల్ ఆఫీసరు, చిట్టచివర గవర్నరుగారు. ఆ నడకలోని హుందాతనం చూసి జనం నోళ్ళు వెళ్ళబెడతారు. దాని పేరు ఎంత దూరం పాకిందంటే, పక్క రాష్ట్రపు ప్రోటోకాల్ ఆఫీసరు నేర్చుకుందామని పనిగట్టుకుని వచ్చాడు.

"అబ్బ, ఏం గాంభీర్యమండీ! మాకెన్నేళ్ళు సాధన చేసినా రావడం లేదు. రహస్యమేమిటి?"

ఆఫీసరు చుట్టూ చూశాడు. ప్రధాన కార్యదర్శి ఉన్నాడు, మంత్రులున్నారు. గొంతు సవరించుకుని, అందరికీ వినబడేలా చెప్పాడు.

"ఏం లేదండీ. ముందు మోకాళ్ళు రెండూ అరగాలి. తర్వాత మంచి గవర్నరు దొరకాలి."