హాస్టలనుకుని వదిలిన పిల్ల

మా చెల్లెలి కూతురి కూతురు రాజమండ్రిలో లా చదువుతోంది. ఇంట్లో చుట్టాల గోల ఎక్కువైందని పరీక్షలయ్యేదాకా ధవళేశ్వరంలో నా దగ్గర మకాం పెట్టింది. వరండాలో అటూ ఇటూ తిరుగుతూ పైకి చదవడం దాని అలవాటు. మొన్న అలా తిరుగుతూ "సంరక్షణ, రక్షణ అవసరమైన బిడ్డ" అన్న మాట దగ్గర ఆగి, అమ్మమ్మా, నువ్వు అలాంటి పిల్లలుండే చోటే పనిచేశావుగా, దీని అర్థమేంటో కాస్త చెప్పవూ అంది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే పరీక్షకు సరిపడా చెప్పాను. మిగిలినది దానికి చెప్ప బుద్ధి కాలేదు. అది నా ఈడు వాళ్లతో చెప్పుకోవలసిన సంగతి.

మావారు పోయాక, ఆయన ఉద్యోగానికి బదులుగా ప్రభుత్వం నాకు ఆడపిల్లల సదనంలో మేట్రన్ ఉద్యోగం ఇచ్చింది. అప్పటిదాకా వంటిల్లు తప్ప ఆఫీసు ముఖం చూడని దాన్ని. సదనానికీ హాస్టల్‌కీ తేడా ఏమిటో చేరిన కొత్తలో నాకే తెలియదు, ఇక కూలికి పోయే ఆడవాళ్లకి ఏం తెలుస్తుంది? మన వైపు హాస్టల్ అంటే అందరికీ తెలుసు. జూన్‌లో పిల్లల్ని దింపుతారు, పండక్కి తీసుకెళ్తారు. సీటు దొరకాలంటే తండ్రి లేడని చెప్పమని ఊళ్లో ఎవరో ఒకరు నేర్పుతారు. తండ్రి గేటు బయట బీడీ కాల్చుకుంటూ ఉండగానే లోపల పిల్ల తండ్రి లేనిదైపోయేది. వార్డెన్లకూ ఆ సంగతి తెలుసు, నవ్వి ఊరుకునేవారు. దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు, అది హాస్టల్ కాబట్టి.

సదనం అలా కాదు. అక్కడికి వచ్చిన పిల్లను పిల్లల సంక్షేమ కమిటీ ముందు హాజరు పరచాలి. కమిటీ ఆదేశం ఇచ్చిన క్షణం నుంచి ఆ పిల్ల మంచిచెడ్డలన్నీ ప్రభుత్వానివే. అన్నం, మందు, బడి మాత్రమే కాదు, ఆ పిల్ల ఎవరింట పెరగాలో తేల్చే హక్కు కూడా. నా అనేవాళ్లు లేరని విచారణలో తేలితే పేపర్లో ప్రకటన ఇస్తారు, ఎవరూ రాకపోతే దత్తతకు అడ్డులేని బిడ్డ అని ప్రకటిస్తారు. ఎవరూ లేని పిల్లకు ఇంతకంటే మేలు చేసే చట్టం ఇంకొకటి లేదని నేను ఇప్పటికీ అంటాను.

ఒక వానాకాలం, ఊడ్పుల రోజుల్లో, ఒకావిడ మూడేళ్ల పిల్లను చంకనేసుకుని తడుస్తూ వచ్చింది. పిల్లకు పెద్దమ్మనని చెప్పింది. పిల్ల మాత్రం ఆమెనే అమ్మా అని పిలుస్తోంది. "తల్లీ తండ్రీ ఇద్దరూ లేరండి, మీరే సూసుకోవాలండి" అని ఏడ్చింది. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు, నేను మనుషుల్ని ఆ మాత్రం పోల్చుకోగలను. కమిటీ వాళ్లు అడిగినా అదే మాట చెప్పింది. కొన్ని ఆదివారాలు అరటిపళ్లు పట్టుకుని వచ్చింది, తరువాత మొగుడితో కలిసి హైదరాబాదు వైపు కట్టుబడి పనులకు పోయింది. విచారణకు వెళ్లినవాళ్లకు ఆమె ఇంటికి తాళం కనిపించింది. ప్రకటన పేపర్లో పడింది, ఎవరూ రాలేదు.

పిల్ల చలాకీది. సాంబారు వాసనకు ముక్కు మూసుకునేది, చారన్నమైతే గిన్నె నాకేసేది. బాగా చదువుకున్న దంపతులు ఎక్కడినుంచో వచ్చారు. పిల్ల రెండు పూటల్లోనే ఆవిడ కొంగు పట్టుకుని తిరగడం మొదలెట్టింది. కోర్టు పనీ పూర్తయ్యాక, వాళ్లు తీసుకెళ్లిన రోజున ఆయమ్మలూ నేనూ మిఠాయి పంచుకున్నాం. ఒక్క పిల్లయినా ఒడ్డున పడింది కదా అని ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాను.

తరువాతి వేసవిలో ఒక ఆడమనిషి గేటు దగ్గర ఆటో దిగింది. మెరుపుల చీర, చేతిలో పెద్ద సంచీ. నేరుగా నా గదిలోకి వచ్చి, ముందుగా నాకో సెంటు సీసా, తలనొప్పి బామూ ఇచ్చింది. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి వచ్చానని, తమ పిల్లను ఇంతకాలం చూసుకున్న మేడమ్‌గారికి వట్టి చేతులతో ఎలా వస్తానని అంది. ఆ తరువాత తలుపు వైపు చూస్తూ, "సెలవులిచ్చేశారాండి? పిల్లని పంపిస్తారాండి?" అని అడిగింది.

పిల్ల పేరు విన్నాక ఆమెను కూర్చోబెట్టి సంగతంతా అడిగాను. మొగుడు పోయాక, పిల్లకు నడక రాకముందే అక్క దగ్గర వదిలి వెళ్లిందట. హాస్టల్లో వేశాను, బాగా చదువుకుంటోందని అక్క ఫోన్లో చెప్పిందట. తల్లి ఉందంటే సీటు ఇవ్వరని భయపడి, ఊరంతా చెప్పే అబద్ధమే ఆ అక్కా చెప్పింది. మర్నాడు నేనే ఆమెను కమిటీకి తీసుకెళ్లాను. వాళ్లు ఓపిగ్గానే వివరించారు. అంతా విని ఆమె అడిగింది ఒక్కటే. "నేను బతికే ఉన్నాను కదండీ?"

దత్తత పూర్తయింది, పిల్ల ఇప్పుడు చట్టప్రకారం వాళ్ల బిడ్డ. ఏ ఊళ్లో ఉందో తల్లికే కాదు, నాకూ చెప్పరు. ప్లీడర్ల చుట్టూ తిరిగింది, తిరిగి తిరిగి ఊరుకుంది. మిగిలిన దారల్లా ఒక్కటే. పిల్ల పెద్దదై, కన్నవాళ్లెవరని తానుగా అడిగితే, తల్లి ఒప్పుకుంటే, వివరం చెప్పవచ్చు. తల్లికి వెతికే వీలు లేదు, ఎదురుచూడటమే. ఆ మాట విన్నాక ఆమె మళ్లీ కువైట్ వెళ్లలేదు. కాలవగట్టు మీది తన పాక అడ్రసు సదనంలో రాయించి, అక్కడే ఉండిపోయింది.

కొన్నేళ్లకు గట్టు మీది ఇళ్లన్నీ తీసేశారు, వాటికి బదులు దూరంగా స్థలాలిచ్చారు. అందరూ వెళ్లారు, ఈమె వెళ్లలేదు. కొత్త అడ్రసు రాయిద్దాం పదమని నేను బతిమాలాను. పిల్ల వచ్చేది చోటు చూసుకునేనండి, కాగితం చూసుకుని కాదు అంది. అదే చోట టార్పాలిన్ పట్టా కప్పుకుని ఉంటే మళ్లీ తీసేశారు, మళ్లీ వేసుకుంది. కిందటి వానల్లో జ్వరం తగిలి పోయింది. అక్కే వచ్చి తలకొరివి పెట్టింది. ఆ అక్కను తిడదామనే వెళ్లాను, చివరికి నేనే ఆమెను చెయ్యి పట్టుకుని ఇంటికి దింపి వచ్చాను.

ఇప్పుడు రోజులు మారాయి. పిల్ల సదనానికి రాగానే ఫోటో కంప్యూటర్లోకి ఎక్కుతుంది, బంధువుల్ని ఫోన్లలో వెతుకుతారు. ఇలాంటివి తగ్గాయంటారు, తగ్గితే మంచిదే. కాలవగట్టు మీద పలకలు పరిచి, దీపాలు పెట్టి, నడక దారి చేశారు. మా వీధి వాళ్లందరూ సాయంత్రాలు అక్కడే తిరుగుతారు, నన్నూ రమ్మంటారు. మోకాళ్ల నొప్పులని చెప్పి తప్పించుకుంటాను.

ఆ పిల్లకు ఈపాటికి పెళ్లీడు వచ్చి ఉంటుంది. ఎప్పుడైనా అడిగిందంటే, తల్లి పోయిందని చెబుతారు, కాలవగట్టు అడ్రసు చెబుతారేమో. సదనానికి వెళ్లి ఈ కథంతా ఇప్పుడున్న వాళ్లకు చెప్పి వచ్చాను, రాసుకుంటామండి అన్నారు. బదిలీల మీద వచ్చి పోయేవాళ్లు, ఎంతవరకు గుర్తుంటుంది? ఆ అక్క నోరు విప్పదు. నిన్ను మీ అమ్మ వదిలెయ్యలేదమ్మా అని చెప్పగలిగినదాన్ని ఇక నేనొక్కదాన్నే మిగిలాను. నాకు డెబ్బై దాటాయి. ఆ పిల్లకు నేనెవరో తెలియదు.