గేటు బయట తాగిన గస్పాచో

ఈ ఆగస్టులో సుంగై పెటానిలో ఎవరి నోట విన్నా మెర్డెకా మాటే. నెలాఖరుకి మలయాకు స్వతంత్రం వస్తుందని మా ఎస్టేటు ఆఫీసు గోడలకు కూడా సున్నం కొట్టిస్తున్నారు. నాకు మాత్రం పైడమ్మ బెంగ పట్టుకుంది. పైడమ్మ నా చెల్లెలు, హుటాన్ మెలింటాంగ్ అవతల కొబ్బరి ఎస్టేటులో కాపురం. మూడో నెల. మంచినీళ్ళు తాగినా కక్కేస్తోందట. నిరుడు ఇలాగే అయి కడుపు పోయింది. ఈసారీ లోపల ఏమీ నిలవకపోతే బిడ్డ దక్కదని అక్కడి ఆసుపత్రి డ్రెస్సర్ అన్నాడని, అటునుంచి వచ్చిన మనిషి చెప్పాడు.

నేను ఆఫీసులో గుమాస్తాను. మా దొర భార్యది స్పెయిన్ దేశం. సంగతి విని ఆవిడ నాకో గ్లాసెడు ఎర్రటి ద్రవం ఇచ్చింది. పచ్చి టమాటాలు, దోసకాయ, వెల్లుల్లి, నిన్నటి రొట్టె కలిపి రుబ్బి, వెనిగర్, ఆలివ్ నూనె పోసి, మంచులో పెట్టిందట. పేరు గస్పాచో. పొయ్యి మొహం చూడని ఆ పదార్థం చూసి నాకు ఒళ్ళు జలదరించింది. దొరసాని ఎదురుగా ఉంది కదా అని కళ్ళు మూసుకుని తాగాను. గొంతులోంచి కడుపు దాకా చల్లగా దిగింది. మన చద్దన్నం నీళ్ళకు దూరపు చుట్టంలా ఉంది. తమ దేశంలో మండుటెండలో కోతలు కోసేవాళ్ళు దీనిమీదే బతుకుతారని, వేవిళ్ళప్పుడు తనకు నిలిచింది ఇదొక్కటేనని ఆవిడ చెప్పింది.

చేసే విధం ఆవిడ దగ్గర నేర్చుకుని, శనివారం పొద్దున్నే మూడో తరగతి టికెట్టు కొని రైలెక్కాను. ప్రాయి, ఇపో దాటి తాపా రోడ్‌లో బండి మారి, దీపాలు పెట్టే వేళకి తెలుక్ ఆన్సన్ చేరాను. అక్కడ మా పిన్ని ఉంది. ఆవిడ ఇంటికి వెళ్తూ, చెల్లికని చీనా కొట్లో పాలడబ్బా కొన్నాను. కొట్టువాడు డబ్బు తీసుకుని, మేకుతో డబ్బాకి రెండు పోట్లు పొడిచి నా చేతిలో పెట్టాడు. పాలు నా చొక్కా మీద కారాయి.

"నీకేమైనా పిచ్చా?" అన్నాను.

"చట్టం," అన్నాడు నవ్వకుండా. మూసిన డబ్బా అమ్మితే అది అడవిలో దాక్కున్న కమ్యూనిస్టు తిరుగుబాటుదార్లకు చేరుతుందని సర్కారు భయమట. మా వైపు ఈ ఆంక్షలు ఎత్తేసి చాలా కాలమైంది. ఇదేదో డబ్బాలకే కాబోలనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మర్నాడు తెల్లవారి గస్పాచో రుబ్బడానికి పిన్ని రోటి ముందు కూర్చున్నాను. ఆలివ్ నూనె సీసా రాత్రే మందుల షాపులో దొరికింది. పిన్ని నోరు నొక్కుకుంది. "సెవిలో ఏసుకునే నూనిరా అది. వేవిళ్ళ పిల్లకి పెడతావేటి?" అంది. రుబ్బి, మంచుముక్కలు వేసి ఫ్లాస్కు నింపి, కారే పాలడబ్బా పిన్నికే వదిలి, ఎనిమిదింటి బస్సు ఎక్కాను.

హుటాన్ మెలింటాంగ్ దాటాక ఎస్టేటు గేటు దగ్గర ముళ్ళకంచె అడ్డుగా ఉంది. అందరినీ దింపారు. ఆడవాళ్ళను సోదా చేసే ఉద్యోగంలో ఉన్న ఒకామె నా సంచీ కూడా అందుకుంది. మాట చూస్తే మనవాళ్ళే. పేరు గౌరమ్మ. ఫ్లాస్కు మూత తీసి, చెంచా పెట్టి కలియదిప్పింది.

"ఏటిది బావూ?"

"తాగేదమ్మా."

"రొట్టి ముక్కలు ఉన్నాయి. ఇది తిండే. లోనికి తిండి పట్టికెళ్ళకూడదు, జైలు."

మలాయ్ కానిస్టేబుల్ తుపాకీ సర్దుకుంటూ దగ్గరికొచ్చాడు. తిండి అడవికి చేరకుండా, లోపల ఏ ఇంట్లోనూ బియ్యం గింజ కూడా ఉంచరట. ఊరందరికీ ఒకే వంటశాలలో అన్నం వండి పెడతారట. గుమాస్తానని గొణిగాను గానీ అది అక్కడ చెల్లలేదు.

"పారబోసీయి. నేదంటే ఇక్కడే తాగీయి. గేటు బయట ఎవులు తిన్నా తప్పునేదు," అంది గౌరమ్మ.

"ఎవరు తిన్నా?"

"ఎవులు తిన్నా."

లోపలికి వెళ్తున్న ఒక కూలీతో, పైడమ్మను గేటు దగ్గరికి తెమ్మని కబురు పంపాను. మంచు కరుగుతోంది. చాలాసేపటికి చెల్లెలి మొగుడు అప్పన్న పైడమ్మను సైకిల్ వెనక కూచోబెట్టుకుని తెచ్చాడు. ఆమెను చూసి నేను గుర్తుపట్టలేదు. నిజం చెబుతున్నాను, తోబుట్టువును గుర్తుపట్టలేదు. బుగ్గలు లోపలికి పోయి కళ్ళు మాత్రమే మిగిలాయి.

గేటు బయట బెంచీ మీద కూచోబెట్టి మూతలో పోసి ఇచ్చాను.

"ఇందల ఏటేసినావు, అన్నియ్యా?"

"అడక్కు. తాగు."

ఒక గుక్క తాగి ఆగింది. అప్పన్న పక్కకు తప్పుకున్నాడు. బస్సు దిగిన జనం, కానిస్టేబుల్, అందరూ ఆమె గొంతు వైపే చూస్తున్నారు. పైడమ్మ మూత మళ్ళీ చాపింది. ఫ్లాస్కు ఖాళీ అయింది. ఎంతసేపు కూచున్నా చుక్క కూడా బయటికి రాలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

పైడమ్మ లోనికి పోబోతుంటే గౌరమ్మ అడ్డొచ్చింది. "నోరు తెరు, తల్లీ," అంది. పైడమ్మ తెరిచింది. బుగ్గల్లో ఏమైనా దాచుకుందేమోనని చూసి, కానిస్టేబుల్ వైపు తల ఊపింది. అప్పన్న తల దించుకున్నాడు. వాళ్ళకిది అలవాటే.

తర్వాత గౌరమ్మ నన్ను చెట్టు నీడకు పిలిచి, అదెలా చేస్తారో అడిగింది. ఆమె ఇల్లు టౌన్లో ఉంది, మధ్యాహ్నం తిండి గేటుకు తెచ్చుకునే అనుమతి ఉంది. అంతా విని, "సెవినూని కూడానా?" అని మొహం చిట్లించి, "సరే, రేపట్నించి నా కేరేజీలో తెస్తాను. పిల్లని ఇక్కడికొచ్చి తాగమను," అంది. నూనె సీసా ఆమె చేతిలో పెట్టాను.

తిరుగు దారిలో తెలుక్ ఆన్సన్ అంతా జెండాలు కడుతున్నారు. తాపా రోడ్‌లో పెద్ద బండి కోసం ఆగినప్పుడు అరిటాకు పొట్లంలో అన్నం కొని సంచీలో పెట్టుకోబోయాను. చెయ్యి ముందుకు పోలేదు. ప్లాట్‌ఫారం మీదే నిలబడి, గబగబా మొత్తం తినేశాను. పక్కనున్న తమిళాయన "బండి రావడానికి ఇంకా టైముంది సార్, నిదానంగా తినండి" అన్నాడు.

అటు వెళ్ళేవాళ్ళు చేతిలో తిండి పెట్టుకోకండి. రేపు మధ్యాహ్నం నా చెల్లెలు ఆ బెంచీ మీద కూచుని తాగుతుంది, తాగాక నోరు తెరిచి చూపిస్తుంది. బిడ్డ నిలుస్తుందని సంతోషిద్దామంటే, ఆ తెరిచిన నోరే కళ్ళముందుంటోంది.